మామిడికాయల గదిలో ఫైర్‌వాల్

నా చేతులు ఊరికే ఉండవు. గొప్ప కోసం చెప్పుకోవడం కాదు, జబ్బు గురించి చెప్పినట్టే చెబుతున్నాను. ఆగిన గడియారం కనిపిస్తే వెనక మూత తీస్తాను. నడుస్తున్నది కనిపించినా తీస్తాను, ఎలా నడుస్తోందో చూద్దామని. ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో టెక్నీషియన్‌గా ఉన్నన్నాళ్లూ ఈ జబ్బుకి నెలనెలా జీతం ఇచ్చారు. రిటైరై నూజివీడులో ఇంటిపట్టున కూర్చున్నాక దాని బరువంతా ఇంట్లోవాళ్ల మీద పడింది. ఇంట్లోవాళ్లంటే ఇద్దరే. మా అమ్మ, మా ఆవిడ.

తోట ఉందిగా, అక్కడ తిరగొచ్చుగా అంటారు తెలిసినవాళ్లు. రెడ్డిగూడెం వైపు మాకు ఆరెకరాల మామిడి తోట ఉన్న మాట నిజమే. ఎక్కువ చిన్న రసాలే. కానీ మా వైపు చాలామందిలాగే మేమూ పూత మీదే తోటని కౌలుకిచ్చేస్తాం. పూత చూసి బేరం కుదిరాక, కాయ కోసేదాకా ఆ చెట్లు మనవి కావు. మందు కొట్టడం, నీళ్లు పెట్టడం, కాపలా, కోత అన్నీ కౌలుదారువే. ఇంట్లో తినడానికి ఇన్ని కాయలని ముందే అనుకుంటాం. అవి కూడా అతను పంపాల్సిందే తప్ప మన చెట్టు మీద మనం చెయ్యి వేయకూడదు.

ఇదంతా తెలిసి కూడా నేను రోజూ బండి వేసుకుని వెళ్లేవాణ్ణి. ఈ చెట్టుకి నీళ్లు చాల్లేదనో, ఆ మందుకి ఇది సమయం కాదనో, పూతకి పురుగు పట్టిందేమో చూశావా అనో ఏదో ఒకటి అనేవాణ్ణి. ఈ ఏడు ఫిబ్రవరిలో ఒకరోజు కౌలుదారు నన్ను మోటారు షెడ్డు దగ్గర ఆపాడు. తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకుని, చాలా మర్యాదగా చెప్పాడు.

“అయ్యగారండీ, మీరొచ్చి నిలబడితే కూలోళ్లకి నా మాట వినాలో మీ మాట వినాలో తెలీక పనాగిపోతోందండి. కోతలయ్యాక రండి. మీ కాయలు నేనే ఇంటికి పంపిస్తాను.”

నా తోటలోంచి నన్నే పొమ్మన్నాడు. దారి పొడుగునా తిట్టుకుంటూనే వచ్చాను. ఇల్లు చేరేసరికి న్యాయం అతని వైపే ఉందని అర్థమైంది. అర్థమయ్యాక కోపం ఇంకా పెరిగింది. సరిగ్గా ఆ వారంలోనే మా ఆవిడ నన్ను ఒక సాయం అడిగింది. పాపం, అడక్కుండా ఉంటే బాగుండేది.

ఆవిడ ఇరవై ఏళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పింది. ఆ స్కూలు మూతపడ్డాక రెండేళ్లు ఇంట్లోనే ఉంది. ఊరికే ఉందని నేనంటే ఊరుకునేది కాదు గానీ, పేపర్లో పిల్లల పేజీలో వచ్చే లెక్కల్ని పెన్సిల్‌తో చేసి, పేపరు మడిచి పక్కన పెట్టేయడం నేను చూసేవాణ్ణి. తర్వాత ఎవరో చెప్పగా ఆన్‌లైన్లో పాఠాలు చెప్పించే ఒక కంపెనీకి రాసింది. వాళ్లు ఆవిడ పాఠం ఒకటి విని, ఎనిమిదో తరగతి లెక్కలు ఇచ్చారు. రోజూ సాయంత్రం ఐదు నుంచి ఆరు. పిల్లలు పదకొండు మంది. హైదరాబాదులో కొందరు, బెంగళూరులో కొందరు, దుబాయిలో ఇద్దరు. కనిపించేది భుజాల దాకానే అయినా, స్కూలుకి వెళ్లినట్టే ఇస్త్రీ చీర కట్టుకుని ఐదింటికి పది నిమిషాల ముందే కుర్చీలో కూర్చునేది. పాఠం చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో వచ్చే ఆ అధికారం రెండేళ్ల తర్వాత మళ్లీ వింటుంటే నాకు సంతోషంగా ఉండేది. ఈ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు.

మొదటి ఆరు నెలలూ పరీక్షా కాలం అన్నారు. ఆ ఆరు నెలల్లో టీచరు వైపు నుంచి క్లాసు మూడుసార్లు తెగిపోతే ఆ క్లాసు ఇంకొకరికి ఇచ్చేస్తారు. తెగిన ప్రతిసారీ ఎందుకు తెగిందో రాసి పంపాలి. షరతులు చదివి వినిపించి, “మన నెట్ బాగానే ఉంటుందిగా?” అంది. ఉంటుందన్నాను. నిజంగానే ఉండేది, నేను చెయ్యి పెట్టేదాకా.

సంగతేమిటంటే, ఒకరోజు త్రిభుజాలు చెబుతూ తన తెర పిల్లలకి చూపిస్తుండగా మూలనుంచి పేకాట ప్రకటన ఒకటి ఊడిపడింది. పక్కన ఒకమ్మాయి కన్నుకొడుతోంది. పిల్లలు నవ్వారు. ఒక తల్లి ఫోన్ చేసి అడిగింది. మా ఆవిడ ముఖం ఎర్రబడిపోయింది.

“ఏవండీ, కాలేజీలో అన్నేసి కంప్యూటర్లు చూశారుగా. ఈ చెత్త రాకుండా ఆపలేరా?”

ఆపొచ్చు. ఆవిడ లాప్‌టాప్‌లో చిన్న ప్రోగ్రాం ఒకటి వేస్తే పది నిమిషాల్లో అయిపోయే పని. అది నాకప్పుడే తెలుసు. కానీ పది నిమిషాల పని నాకెందుకు? ఇంటి మొత్తానికీ ఫైర్‌వాల్ కడతానన్నాను.

“అంటే?”

“మనింటికొచ్చే ఇంటర్నెట్ అంతా ముందు ఒక కంప్యూటర్లోంచి దూరి రావాలన్నమాట. అది ఒక్కొక్కదాన్నీ చూసి, నువ్వు రా, నువ్వు పో అంటుంది. తోటకి కాపలావాడు లేడూ, అలాగ.”

“కాపలావాడున్నా కాయలు పోతూనే ఉన్నాయిగా” అంది అమ్మ వంటింట్లోంచి.

కాలేజీలో పాతవి తీసేస్తున్నప్పుడు అడిగి తెచ్చుకున్న కంప్యూటరొకటి మా అటక మీద ఉంది. దింపి, మూత తీసి, సైకిల్ పంపుతో దుమ్ము ఊదాను. లోపల బల్లి గుడ్డు పెంకులు రెండు దొరికాయి. దానికి నెట్ వైరు పెట్టుకునే సాకెట్ ఒక్కటే ఉంది. మనకి రెండు కావాలి. బయటి నుంచి వచ్చేదానికొకటి, ఇంట్లోకి పోయేదానికొకటి. ఆ రెండో కార్డు కోసం బస్సెక్కి విజయవాడ వెళ్లొచ్చాను. ఫైర్‌వాల్ ప్రోగ్రాం ఉచితంగానే దొరుకుతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, డిస్కులో ఉన్నదంతా తుడిచేసి, మూడు రోజులు కుస్తీ పట్టాను. భోజనానికి పిలిస్తే ఇదిగో వస్తున్నా అనడం, అన్నం చల్లారిపోవడం. నాలుగో రోజుకి రెండు సాకెట్ల దగ్గరా పచ్చ దీపాలు టకటకా కొట్టుకున్నాయి. చిన్నపిల్లాడిలా ఇద్దర్నీ పిలిచి చూపించాను. అమ్మ చూసి, “బాగుంది, ఇంతకీ ఏం చేస్తుందిరా?” అంది.

ఆ కంప్యూటర్ ఫ్యాను గోల మాత్రం చాలా ఎక్కువ. హాల్లో పెడితే తన మాట పిల్లలకి వినపడట్లేదంది మా ఆవిడ. మా ఇంటి వెనక చిన్న గది ఒకటుంది. వేసవిలో కాయలు మాగబెట్టడానికి తప్ప దేనికీ వాడం. నెట్ వచ్చే కేబుల్ లైన్ వెనక స్తంభం నుంచి ఆ గది కిటికీలోంచే ఇంట్లోకి వస్తుంది. గోడకి గూడుంది, గూట్లో రాతి పలక ఉంది. కంప్యూటరు అక్కడ సరిగ్గా పట్టింది. లైను దానిలోకి, దానిలోంచి ఇంకో వైరు హాల్లోకి. హాల్లో నా లాప్‌టాప్ ముందు కూర్చుంటే ఆ ఫైర్‌వాల్ పేజీ తెరుచుకుని, లోపలికీ బయటికీ పోయేదంతా వరసగా కనిపించేది.

అదే నా కొంప ముంచింది. ఆ వరసని చూడ్డం మొదలుపెడితే మనిషి ఇంకేమీ చూడలేడు. మా టీవీ కట్టేసి ఉన్నప్పుడు కూడా ఎవరితోనో మాట్లాడుతోంది. అమ్మ ఫోను ఆమె కునుకు తీస్తుంటే ఊరూరా తిరిగొస్తోంది. ఎవడు వీడు, ఎందుకొచ్చాడు, ఆపు. ఇదెక్కడి అడ్రసు, ఆపు. పొద్దున్నే కాఫీతో కూర్చుంటే పదకొండింటికి స్నానానికి లేచేవాణ్ణి. పేకాట ప్రకటన మళ్లీ రాలేదు. ఆవిడ మెచ్చుకుంది కూడా. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను?

మొదటిసారి తెగింది ఏప్రిల్‌లో. కొత్త అప్‌డేట్ వచ్చిందని ఆ పేజీ చూపించింది. టైమెంతో చూసుకోకుండా సరేనని నొక్కాను. ఆ కంప్యూటరు తనంతట తాను ఆగి మళ్లీ మొదలైంది. అప్పుడు ఐదూ ఇరవై. లోపలి గదిలోంచి ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

“ఏవండీ, నెట్ పోయింది!”

నిజం చెబుదామనే నోరు తెరిచాను. ఒట్టు. నోట్లోంచి వచ్చింది మాత్రం, “ఆ కేబుల్ లైనే. వాళ్ల సంగతి తెలిసిందేగా” అని. మా ఊళ్లో నెట్ పోతే అందరూ అనే మాటే, అలవాటుగా వచ్చేసింది. నాలుగు నిమిషాల్లో నెట్ వచ్చింది. అదిగో వచ్చేసిందన్నాను. ఆవిడ కంపెనీకి రాసేముందు నన్నింకోసారి అడిగింది.

“లైన్‌దేనా అండీ?”

“లైన్‌దే. నేను చూశాగా.”

నా భర్త కంప్యూటర్ల పని తెలిసిన మనిషి, ఆయనే స్వయంగా చూసి చెప్పారని కూడా రాసింది. ఆ వాక్యం నాకు గర్వంగా చదివి వినిపించింది.

ఫిర్యాదు చేస్తే లైన్‌మాన్ వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, నిచ్చెన బండికి కట్టుకుని తిరుగుతాడు. వెనక స్తంభమెక్కి చూసి, దిగి, “లైను బాగానే ఉందండి” అన్నాడు. ఇప్పుడు బాగానే ఉంటుందిలే అన్నాను.

రెండు వారాల తర్వాత రెండోది. ఆ మధ్యాహ్నం నాకు తెలియని అడ్రసులు కొన్ని వరసగా కనిపిస్తే అన్నిటినీ కలిపి ఆపేశాను. అందులో ఆవిడ క్లాసు వీడియో వచ్చే దారి కూడా ఉంది. ఐదింటికి పిల్లల పేర్లు కనిపిస్తున్నాయి, ముఖాలు రావు, మాట పోదు. ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాలూ నేను చెమటలు కక్కుతూ ఒక్కొక్కటే తిప్పి తీశాను. ఆవిడ నా వెనకే నిలబడి, “లైనే కదండీ, లైనే కదా” అంటోంది. నా భుజం మీద చెయ్యి కూడా వేసింది, కంగారు పడకండని. నేను ఊఁ అన్నాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం లైన్‌మాన్ మళ్లీ వచ్చాడు. ఆ ఎండలో స్తంభమెక్కి, ఉన్న కనెక్టరు తీసి కొత్తది వేశాడు. దిగేసరికి చొక్కా మొత్తం తడిసి ఒంటికి అంటుకుపోయింది. తర్వాత వెనక గదిలోకి వచ్చి గూట్లో ఉన్నదాన్ని కాసేపు చూశాడు.

“దీన్నొకసారి పక్కనపెట్టి, లైను నేరుగా ఇచ్చి చూద్దామా సార్?”

నాకు ఒళ్లు మండిపోయింది. మనం దాచుకున్న తప్పు మీద ఎవడైనా మెత్తగా వేలు పెడితే వచ్చే మంట అది. “నువ్వు పుట్టకముందు నుంచీ చూస్తున్నానయ్యా కంప్యూటర్లు. పోయి నీ స్తంభం సంగతి చూసుకో” అన్నాను. మా ఆవిడ గ్లాసుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఇచ్చి, తనూ అంది.

“ఇంకొక్కసారి పోయిందంటే నా క్లాసు పోతుంది తమ్ముడూ. నీకిది చిన్న పని. నాకు కాదు. కొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యి.”

“అలాగేనండి మేడం” అని మజ్జిగ తాగి, గ్లాసు కడిగి అరుగు మీద బోర్లించి వెళ్లాడు. ఆవిడ జీవితంలో ఎవర్నీ అంత మాట అనగా నేను వినలేదు.

ఇక దాన్ని ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆ పేజీ కూడా తెరవలేదు. చేతులు ఏం చేయాలో తెలియక పెరటి గేటు గడియ మూడుసార్లు విప్పి బిగించాను. మే నెల వచ్చింది. కంపెనీ నుంచి కబురు, వచ్చే శనివారం వాళ్ల మనిషి ఒకామె క్లాసులో కూర్చుని చూస్తుందని. నచ్చితే పరీక్షా కాలం ముందే ముగిస్తారు, క్లాసు ఆవిడకే ఉంటుంది. ఆవిడ ఆ వారమంతా పాఠం రాసుకుంటూనే ఉంది, త్రిభుజం లోపలి కోణాలు కలిపితే ఎంతో పిల్లలే కనుక్కునేలా ఎలా చెప్పాలా అని.

బుధవారం కౌలుదారు కాయలు పంపాడు. అన్నమాట ప్రకారం లెక్క తప్పకుండా, ఒక్కటి కూడా దెబ్బ తగలని చిన్న రసాలు. గురువారం పొద్దున అమ్మ ఆ గదిలో వరిగడ్డి పరిచి, కాయలు పేర్చి, పైన మళ్లీ గడ్డి కప్పి, కిటికీ సందులు పాత చీరలతో మూసి, తలుపేసి తాళం పెట్టింది. తాళంచెవి బొడ్లో దోపుకుంది.

“సోమారం దాకా తలుపు తీసేది లేదు. గాలి తగిలితే కాయ ఒకటి పండి ఒకటి పండదు” అంది. ఏటా అనే మాటే. నేను అప్పుడు పేపరు చదువుతున్నాను. రెండు పేజీలు తిప్పాక గుర్తొచ్చింది, నా కంప్యూటర్ లోపలే ఉంది.

ఒట్టు గట్టున పెట్టి పేజీ తెరిచాను. లోపలి వేడి ఎంతో అందులో కనిపిస్తుంది. అరవైరెండు. పర్లేదనుకున్నాను. శుక్రవారం డెబ్బై నాలుగు. శనివారం మధ్యాహ్నం ఎనభై మూడు. అది వందకి దగ్గరైతే తన ప్రాణం కాపాడుకోవడానికి తానే ఆగిపోతుంది. మూసిన గది, రోహిణి ఎండ, మాగే కాయల్లోంచి వచ్చే ఆవిరి, ఇవన్నీ నేను లెక్కలో వేసుకోలేదు. ఆ గదిని పుట్టినప్పటి నుంచీ చూస్తూ కూడా వేసుకోలేదు.

తాళంచెవి అడగొచ్చు. అడిగితే అమ్మ ఎందుకంటుంది. డబ్బా వేడెక్కుతోందంటాను. మా ఆవిడ వింటుంది. అది వేడెక్కితే నెట్ పోతుందా అంటుంది. పోతుంది అంటాను. అయితే ఇంతకుముందు పోయింది దీనివల్లేనా అంటుంది. లెక్కల టీచరు, రెండు మెట్లలో దొరికిపోతాను. హాల్లోంచి వరండాకి, వరండాలోంచి హాల్లోకి తిరిగాను. ఎనభై ఆరు. ఆ గది తలుపు మీద చెయ్యి పెట్టి చూశాను, వెచ్చగా ఉంది. ఎనభై ఎనిమిది. “ఏంటండీ అలా తిరుగుతున్నారు, నాకంటే మీకే భయమా?” అని నవ్వింది. తనకోసమే కంగారు పడుతున్నాననుకుంది పాపం.

చెప్పడానికి నాకు ఆ రోజంతా టైముంది. నాలుగున్నరకి ఉంది, నాలుగూ యాభైకి ఉంది. చెబితే ఒక్క నిమిషం పని, రెండు వైర్లు తీసి ఒకటి కలపడమే. ఇంకో గంట ఆగదా, ఒక్క గంట ఆగితే చాలుకదా అనుకున్నాను. పిరికితనానికి ఆశ అని పేరు పెట్టుకుని కూర్చున్నాను.

ఐదూ ఇరవై ఐదుకి తొంభై ఆరు. ఐదూ ముప్పై ఒకటికి నా తెర మీద అంకె కదలడం మానేసింది. లోపలి గదిలోంచి ఆవిడ గొంతు వినపడింది. “పిల్లలూ, వినపడుతోందా? వినపడుతోందా అమ్మా? ఎవరైనా చెప్పండి, వినపడుతోందా?”

నేను కుర్చీలోంచి లేవలేకపోయాను.

ఆవిడ బయటికొచ్చింది. ఒక చేతిలో లాప్‌టాప్, ఇంకో చేతిలో ఫోను. మా ఇంట్లో ఫోను మాటలకైతే కింద కూడా పనిచేస్తుంది గానీ, ఫోనులో నెట్ డాబా మీదే అందుతుంది. చీర కుచ్చిళ్లు పైకి ఎత్తి పట్టుకుని మెట్లెక్కి పరుగెత్తింది. నేను వరండాలోకి పరుగెత్తాను.

“అమ్మా, తాళంచెవి!”

“ఎందుకురా, సోమారం...”

“ఇవ్వమ్మా!”

తలుపు తీయగానే తియ్యటి వాసనా సెగా కలిసి ముఖాన కొట్టాయి. గూట్లో కంప్యూటర్ కనపడలేదు. దాని మీద పాత దుప్పటి రెండు మడతలు వేసి, నాలుగు వైపులా చక్కగా దోపి ఉంది. నా వెనకే వచ్చిన అమ్మ, “గడ్డి దుమ్ము పడుతుందని నేనే కప్పానురా. నువ్వంత కష్టపడి చేసుకున్నావుగా” అంది. దుప్పటి లాగితే చెయ్యి కాలింది. వైర్లు రెండూ పీకి లైను నేరుగా ఇంటికి కలిపాను. ఒక్క నిమిషం పట్టింది.

డాబా ఎక్కి చూస్తే, ఆవిడ నీళ్ల ట్యాంకు నీడలో నిలబడి ఉంది. తిరగేసిన బకెట్ మీద లాప్‌టాప్. చేతిలో ఇటుక ముక్క. పిట్టగోడ మీద ఎర్రగా పెద్ద త్రిభుజం గీసి, మూలలు మూడూ చూపిస్తూ, “ఈ మూడు మూలలూ చింపి పక్కపక్కన అతికించండి. కాగితం లేకపోతే చపాతీ తెచ్చుకోండి” అంటోంది. లాప్‌టాప్‌లోంచి పిల్లల నవ్వులు. చెమట కళ్లలోకి కారుతుంటే చీర కొంగుతో తుడుచుకుంటూ, ఆరు దాటినా ఆపకుండా ఆరున్నర దాకా చెప్పింది. అంత మంచి పాఠం నేనెప్పుడూ వినలేదు. మెట్ల మీదే కూర్చుండిపోయాను.

దిగుతూ అడిగింది. “లైనేనా?”

“లైనే” అన్నాను. “ఇప్పుడే వచ్చింది.”

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. రెండు అబద్ధాల తర్వాత మూడోది అబద్ధంలా అనిపించదు.

మూడోసారి ఎందుకు తెగిందో ఆవిడ ఇంకా రాయకముందే, సోమవారం కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. చూడ్డానికి వచ్చినామెకి డాబా మీది పాఠం చాలా నచ్చిందట. కానీ మూడుసార్లంటే మూడుసార్లే. ఆ మూడు రోజులూ లైను తమవల్లే పోయిందని కేబుల్ వాళ్లు ఒక కాగితం రాసిస్తే మాత్రం వాటిని లెక్కపెట్టబోమన్నారు. ఆవిడ ముఖం చాటంత అయింది. “నిజంగా పోయిందాన్ని పోయిందని రాయడానికి వాళ్లకేం? మీరెళ్లి తీసుకురండి” అంది.

కేబుల్ ఆఫీసులో లైన్‌మాన్ ఒక్కడే ఉన్నాడు. క్యారియర్ విప్పుకుని అన్నం తింటున్నాడు. విషయం చెప్పాను. తినడం ఆపాడు.

“ఆ మూడు రోజులూ మా లైను పోలేదు సార్.”

“నాకు తెలుసు” అన్నాను. ఆ మాట నేను ఒక మనిషితో అనడం అదే మొదలు.

అతను చెయ్యి కడుక్కుని వచ్చాడు. “ఓనరు గారు చూస్తే మూడుసార్లు లైనెందుకు పోయిందిరా అని నన్నే అడుగుతారండి. పర్లేదులెండి, ఏదోకటి చెప్పుకుంటాను. మా చెల్లికి లెక్కలు చెప్పింది మేడం గారే.” ఆఫీసు కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాడు. సిగ్గుపడాల్సినవాణ్ణి, బండి మీద ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

ఆవిడ కాగితం రెండుసార్లు చదివింది. “మంచివాడండీ. మొన్న ఎండలో పడి వస్తే అంత మాటన్నాను. ఒకసారి ఫోన్ కలపండి, థాంక్స్ చెప్తాను.” వద్దంటే అనుమానం వస్తుంది. కలిపాను. స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది.

“తమ్ముడూ, కాగితం అందింది. చాలా థాంక్స్. ఆ రోజు కోపంలో ఏదో అనేశాను, మనసులో పెట్టుకోకు.”

“అయ్యో, పర్లేదండి మేడం. మీ క్లాసు నిలబడితే అంతే చాలండి. ఓనరు గారికి నేనేదోకటి చెప్పుకుంటానులెండి.”

ఆవిడ చెయ్యి ఫోను మీదకి వెళ్తూ ఆగింది. “చెప్పుకోవడం ఏంటి? తమ్ముడూ, ఆ మూడు రోజులూ లైను నిజంగా పోయిందా?”

అవతల ఏదో బస్సు హారన్ వినపడింది.

“సార్‌ని అడగండి మేడం” అన్నాడు.

చెప్పాను. అప్‌డేట్, అడ్రసులు, గదిలో వేడి, అన్నీ. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా అయ్యాక అంది.

“అయితే నేను వాళ్లకి రెండుసార్లు రాసింది అబద్ధం.”

“నీకు తెలీదుగా.”

“సంతకం నాది.”

ఆ డబ్బా మళ్లీ పెట్టనన్నాను. పాత సామాన్ల వాడికి ఇచ్చేస్తానన్నాను. “దాంతో నాకేం పని? అదేం చేసింది?” అంది. అప్పుడు నేను నోరు మూసుకోవలసింది. మూసుకోలేదు. “ఈ కాగితం పంపేస్తే అయిపోతుంది కదా, ఎవరికీ నష్టం లేదు” అన్నాను.

“ఎండలో స్తంభమెక్కినవాడి చేత మీ తప్పు వాడిదని రాయించుకొచ్చారు. నా చేత వాణ్ణి తిట్టించారు. ఎవరికీ నష్టం లేదా?” గొంతు పెంచలేదు. పెంచితే నాకు తేలిగ్గా ఉండేది.

లాప్‌టాప్ తెరిచి రాయడం మొదలుపెట్టింది. రాసి, నా వైపు తిప్పింది. నాలుగు వాక్యాలు. మూడుసార్లూ తప్పు మా ఇంట్లోదే. కేబుల్ వారి తప్పేమీ లేదు. ముందు రెండు ఉత్తరాల్లో నేను విచారించకుండా రాశాను. క్షమించండి. ఎక్కడా నా ఊసు లేదు.

“నేను చేశానని రాయి” అన్నాను. “నా భర్త అబద్ధం చెప్పాడని రాయి. అప్పుడు నిన్ను తీసెయ్యరు.”

“అలా రాస్తే మీకు బరువు దిగుతుంది. నాకేం దిగుతుంది?” అంది. “ఒక్క అక్షరం ముట్టుకోకుండా పంపండి.”

పంపాను. రెండు రోజులకి సమాధానం వచ్చింది. నిజం చెప్పినందుకు కృతజ్ఞతలు చెప్పారు. క్లాసుని వచ్చే సోమవారం నుంచి వేరే టీచరుకి ఇస్తున్నామన్నారు. ఆవిడ చదివి, కేబుల్ ఆఫీసు కాగితాన్ని మడిచి నా చేతికిచ్చి, అతనికి తిరిగి ఇచ్చి రమ్మంది. ఇచ్చి వచ్చాను. ఏమని ఇచ్చానో ఇక్కడ రాయలేను.

ఆ సోమవారం ఐదింటికి ఆవిడ లోపలి గదిలో తన కుర్చీలో కూర్చుంది. ఎవర్నీ పిలవలేదు, తెర తెరవలేదు. నేను హాల్లో చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆరు కొట్టేదాకా కదలకుండా కూర్చున్నాను. ఆ గంటలో నెట్ ఒక్క క్షణం కూడా పోలేదు.